పెరుగుతున్న పట్టణం, తాగునీరు, మున్సిపల్ ఆదాయం: విజయనగరం వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

శివారులో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు కుళాయి కనెక్షన్ కోసం వార్డు సచివాలయం చుట్టూ తిరుగుతున్నారు. పాత పేటల వారు మునుపటంత నీరు రావడం లేదంటున్నారు. నీటి పథకాల నిర్వహణకే డబ్బు చాలడం లేదని నగరపాలక సంస్థలు అంటున్నాయి. ఈ మూడు మాటలకూ మూలం ఒక్కటే. పట్టణానికి వచ్చిన మనిషికి వచ్చిన రోజు నుంచే నీరు కావాలి, కాని అతని ఇంటి నుంచి రావలసిన పన్ను లెక్కలోకి ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్య కాలంలో ఖర్చంతా పాత ఆదాయం మీదే పడుతుంది. కింది సమాధానాలన్నీ ఈ ఎడాన్ని అర్థం చేసుకోవడానికే.

విజయనగరం ఎంత వేగంగా పెరిగింది?

2001 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం పురపాలక సంఘం జనాభా సుమారు 1.74 లక్షలు. 2011లో అది సుమారు 2.28 లక్షలైంది, అంటే పదేళ్లలో ముప్పై శాతానికి పైగా పెరిగింది. 1979 జూన్ 1న జిల్లా ఏర్పడి పట్టణం జిల్లా కేంద్రమైంది. ఆ తర్వాత కార్యాలయాలు, కళాశాలలు, ఆసుపత్రులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. విశాఖపట్నం దగ్గరలోనే ఉండడంతో అక్కడ ఉద్యోగం చేస్తూ ఇక్కడ కాపురం ఉండేవారూ ఉన్నారు. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం కారణంగా ఆ దారి పొడవునా లేఅవుట్లు పడుతున్నాయి.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు జరగలేదు, తదుపరి లెక్కలు 2027లో జరగనున్నాయి. అందుచేత ఈనాటికీ అధికారిక జనాభా అంటే 2011 నాటిదే. నీటి పథకం రూపొందించే ఇంజనీరు ఆ అంకె నుంచి ముందుకు అంచనా కట్టుకోవలసిందే. పదేళ్లకు 54 వేల చొప్పున పెరుగుతుందని లెక్కిస్తే 2031కి జనాభా సుమారు 3.36 లక్షలు, అదే ముప్పై ఒక్క శాతం చొప్పున పెరుగుతుందని లెక్కిస్తే సుమారు 3.9 లక్షలు వస్తుంది. రెండూ ఇంజనీరింగులో వాడే పద్ధతులే, కాని ఈ రెండు అంకెల మధ్య తేడా యాభై వేల మందికి మించి ఉంది. ఏ పద్ధతిని ఎంచుకున్నారన్న దానిని బట్టే పైపు సైజు, ట్యాంకు సామర్థ్యం, అప్పు పరిమాణం మారిపోతాయి.

జనం పెరిగితే నీటి అవసరం ఎంత పెరుగుతుంది?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో ప్రకటించిన సేవా ప్రమాణాల ప్రకారం పట్టణంలో ఒక్కొక్కరికి రోజుకు 135 లీటర్లు అందాలి. ఆ లెక్కన 2001 జనాభాకు రోజుకు సుమారు 2.35 కోట్ల లీటర్లు, 2011 జనాభాకు సుమారు 3.08 కోట్ల లీటర్లు అవసరం. పదేళ్లలో రోజుకు 73 లక్షల లీటర్ల అదనపు అవసరం పుట్టిందన్న మాట. ఇది ఇళ్లకు చేరవలసిన నీరు మాత్రమే. దారిలో పోయే నీటిని కలుపుకుంటే నదిలో తోడవలసింది ఇంకా ఎక్కువ, దాని సంగతి కింద వేరే ప్రశ్నలో ఉంది.

తలసరి వాడకం కూడా పెరుగుతుందన్న విషయాన్ని చాలామంది గమనించరు. పెంకుటిల్లు పోయి మూడంతస్తుల భవనం వస్తే ప్రతి వాటాలో మరుగుదొడ్లు, వాషింగ్ మిషను, మిద్దె మీద ట్యాంకు వస్తాయి. జనాభా ముప్పై శాతం పెరిగిన చోట నీటి అవసరం అంతకంటే ఎక్కువే పెరుగుతుంది.

మన కుళాయి నీరు ఎక్కడి నుంచి వస్తోంది? నదులుండగా కొరత ఎందుకు?

పట్టణానికి ప్రధాన ఆధారాలు చంపావతి, గోస్తని నదులు. చంపావతి మీద నెల్లిమర్ల, రామతీర్థం వైపు పథకాలున్నాయి, గోస్తని మీద ముషిడిపల్లి పథకం ఉంది. నదీగర్భంలోని ఊట బావుల్లో ఇసుక గుండా వడకట్టుకుని వచ్చే నీటిని పంపులతో ఎత్తి, క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకులకు పంపుతారు.

ఈ రెండు నదులూ తూర్పు కనుమల్లో పుట్టి కొద్ది దూరం ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే చిన్న నదులు. వర్షాకాలంలో ఉరవడిగా పారినా వేసవిలో పాయలుగా సన్నబడిపోతాయి. నది ఎండినట్టు కనిపించినా ఇసుక కింద నీరు ఉంటుంది కాబట్టి ఊట బావులు పనిచేస్తాయి. ఆ ఇసుకను తవ్వి తరలించుకుపోతే నీటిని పట్టి ఉంచే పొరే పోతుంది, బావిలో ఊట పడిపోతుంది. తాగునీటి బావుల దగ్గర ఇసుక తవ్వకాన్ని ఏ కారణంతోనూ అనుమతించకూడదని ఈ సమాధానాలు రాస్తున్నవారి దృఢమైన అభిప్రాయం. ఊట పోయిన బావికి బదులు కొత్త బావి తవ్వించే ఖర్చు పన్ను కట్టేవారి మీదే పడుతుంది.

గోస్తని మీదనే తాటిపూడి జలాశయం ఉంది, దాని నీరు విశాఖపట్నానికీ వెళుతుంది. ఒకే నది మీద రెండు పెరుగుతున్న నగరాలు ఆధారపడినప్పుడు ఎండాకాలంలో పంపకం కష్టమవుతుంది.

మా వీధిలో మునుపు ధారగా వచ్చేది, ఇప్పుడు సన్నగా వస్తోంది. నదిలో నీరు తగ్గిందనుకోవాలా?

చాలా సందర్భాల్లో కారణం నదిలో కాదు, మీ వీధి కింది పైపులో ఉంటుంది. ఒక పైపులో ప్రవాహం ఒకటిన్నర రెట్లు పెరిగితే దారిలో కోల్పోయే ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కాదు, రెట్టింపుకు పైగా పెరుగుతుంది. ముప్పై ఇళ్ల కోసం వేసిన లైనుకు అరవై ఇళ్లు తగిలిస్తే మొదట ఉన్నవారికి నీరు వస్తుంది, చివర ఉన్నవారికి రాదు. వాల్వ్ పూర్తిగా తిప్పినా ఫలితం ఉండదు. ఒక అంతస్తు ఇంటికి వీధి పైపులో కనీసం 7 మీటర్ల ఒత్తిడి (నీటిని 7 మీటర్ల ఎత్తుకు ఎక్కించేంత), రెండంతస్తుల ఇంటికి 12 మీటర్లు ఉండాలన్నది ఎన్నో ఏళ్లుగా అనుసరించిన డిజైను నియమం. లైను చివర అది దక్కడం లేదు.

ఆ తర్వాత జరిగేది ఇంకా బాధాకరం. ఒత్తిడి లేని వీధిలో ఒకరు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. పక్కింటికి వచ్చే కాస్త నీరూ ఆగిపోతుంది, వారూ మోటారు కొనక తప్పదు. కొనలేని ఇల్లు బిందె పట్టుకుని వీధి కుళాయికి నడుస్తుంది. అందరూ పన్ను కట్టిన వీధిలో మోటారు ఉన్నవారికే నీరు దక్కడం అన్యాయం.

ఇదే గణితం మనకు మేలు కూడా చేయగలదు. 100 మిల్లీమీటర్ల పైపుకు బదులు 150 మిల్లీమీటర్ల పైపు వేస్తే అంతే ఒత్తిడి నష్టంతో దాదాపు మూడు రెట్ల నీరు పారుతుంది. గొయ్యి తవ్వే కూలీ, రోడ్డు తిరిగి వేసే ఖర్చు రెండింటికీ ఇంచుమించు ఒకటే. అందుకే కొత్త కాలనీలో మొదటే పెద్ద పైపు వేయడం, పదేళ్ల తర్వాత సిమెంటు రోడ్డు పగలగొట్టి మార్చడం కంటే ఎంతో చవక.

ఇళ్లు పెరిగితే పన్నులూ పెరగాలి కదా? మరి కార్పొరేషన్‌కు డబ్బు ఎందుకు చాలడం లేదు?

ఈ ప్రశ్నే అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. దీని వెనుక ఉన్న అనుమానం సహజమే కాబట్టి సమాధానం కొంత విపులంగా ఇవ్వాలి.

మొదటి కారణం కాలవ్యవధి. ఇల్లు కట్టడం పూర్తయ్యాక కొలతలు తీసి, అసెస్‌మెంట్ నంబరు ఇచ్చి, డిమాండు రిజిస్టరులో ఎక్కిస్తేనే ఆ ఇంటికి పన్ను పుడుతుంది. ప్లాను లేకుండా కట్టిన ఇల్లు, ప్లానులో ఒక అంతస్తు చూపి మూడు వేసిన ఇల్లు, అనుమతి లేని లేఅవుట్‌లోని ఇల్లు ఏళ్ల తరబడి రిజిస్టరుకు అందకుండా ఉండిపోతాయి. ఆ ఇళ్లలోని మనుషులు మాత్రం మొదటి రోజు నుంచే నీరు వాడుతుంటారు.

రెండవది ఖర్చు స్వభావం. నీటి సరఫరాలో విద్యుత్తు బిల్లు, సిబ్బంది జీతాలు, క్లోరిన్, మరమ్మతులు, పాత అప్పుల వాయిదాలు ఎవరు పన్ను కట్టినా కట్టకపోయినా తప్పవు. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక శివారులో వెయ్యి కొత్త ఇళ్లు వచ్చాయి, ఇంటికి నలుగురు. 135 లీటర్ల చొప్పున రోజుకు 5.4 లక్షల లీటర్లు పంపాలి. నీటి చార్జీ నెలకు వంద రూపాయలనుకుంటే ఏడాదికి 12 లక్షల రూపాయలు రావాలి. వెయ్యిలో మూడు వందల ఇళ్లు రిజిస్టరులో లేకపోతే 3.6 లక్షలు అక్కడే పోయాయి. మిగిలిన ఏడు వందల ఇళ్లలో పావు వంతు బకాయి పడితే చేతికి వచ్చేది 6.3 లక్షలే. పంపు మాత్రం వెయ్యి ఇళ్లకూ తిరుగుతూనే ఉంటుంది.

మూడవది, చార్జీకి వాడకంతో సంబంధం లేకపోవడం. మీటరు లేని కనెక్షన్‌కు నెలకు ఇంత అని స్థిరమైన చార్జీ ఉంటుంది. వాడకం రెట్టింపైనా ఆదాయం పైసా పెరగదు. విద్యుత్తు ధర పెరిగిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. చార్జీ సవరించాలంటే పాలకవర్గం తీర్మానం కావాలి, ఎన్నికల ముందు ఆ తీర్మానానికి ఎవరూ ముందుకు రారు.

ఈ మూడూ కలిసినప్పుడు మరమ్మతులకు నిధులు మిగలవు. మరమ్మతులు లేక సరఫరా క్షీణిస్తుంది, నీరు సరిగా రానప్పుడు పన్ను ఎందుకు కట్టాలని జనం అడుగుతారు, వసూళ్లు ఇంకా తగ్గుతాయి. వేగంగా పెరిగే పట్టణాలను ఎక్కువగా దెబ్బతీసేది ఈ సుడిగుండమే.

ఆస్తి పన్నులో నీటి పన్ను కడుతున్నాను. మళ్లీ కుళాయి చార్జీ దేనికి?

రెండూ వేరు. ఆస్తి పన్నులో నీరు, మురుగునీటి పారుదల, వీధి దీపాల వంటి సేవల కోసం ఉన్న భాగం ఇంటి విలువను బట్టి పడుతుంది, ఇంట్లో కుళాయి ఉందా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. కుళాయి చార్జీ మీ ఇంటికి ఇచ్చిన కనెక్షన్ మీద పడేది. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ (స్థలం, కట్టడాల విలువ) ఆధారంగా లెక్కిస్తూ, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు.

కొత్త నది కోసం వెతికే ముందు లీకులు ఆపితే చాలదా?

అడిగిన దానిలో చాలా నిజం ఉంది. పంపు చేసిన నీటిలో బిల్లు రూపంలో తిరిగి రాని భాగాన్ని లెక్కకు రాని నీరు అంటారు. పైపుల లీకులు, ట్యాంకు నిండి పొర్లడం, అనుమతి లేని కనెక్షన్లు, మూత లేని వీధి కుళాయిలు అన్నీ అందులోవే. అది 20 శాతం దాటకూడదన్నది జాతీయ ప్రమాణం.

2011 జనాభాకే లెక్క వేద్దాం. ఇళ్లకు 3.08 కోట్ల లీటర్లు చేరాలంటే, నష్టం 20 శాతమైతే నది దగ్గర 3.85 కోట్ల లీటర్లు తోడాలి. నష్టం 40 శాతమైతే 5.13 కోట్ల లీటర్లు తోడాలి. ఈ రెండింటి తేడా 1.28 కోట్ల లీటర్లు తొంభై వేల మందికి పైగా జనానికి సరిపోతుంది. నష్టాన్ని సగానికి తగ్గించగలిగితే ఒక్క కొత్త బావి కూడా తవ్వకుండా ఒక చిన్న పట్టణానికి నీరు దొరికినట్టే, పైగా ఆ నీటిని ఎత్తడానికి ఖర్చయిన విద్యుత్తు కూడా మిగులుతుంది. ప్రారంభోత్సవం చేయడానికి, శిలాఫలకం వేయడానికి లీకు మరమ్మతులో ఏమీ ఉండదు కాబట్టి ఈ పనికి ప్రాధాన్యం దక్కడం లేదు. అది మారాలి.

అయితే నీరు ఎక్కడ పోతోందో తెలియాలంటే ముందు కొలవాలి. నది దగ్గర నీరు తోడే కేంద్రం (హెడ్‌వర్క్స్) వద్ద ఎంత తోడారు, ఒక్కొక్క ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎంత చేరింది, ఆ ట్యాంకు కింది వీధుల్లో ఎన్ని కనెక్షన్లున్నాయి అన్న మూడు అంకెలు ప్రతి నెలా పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ట్యాంకు పరిధిలో నీరు మాయమవుతోందో తెలుస్తుంది.

అయితే ప్రతి ఇంటికీ మీటరు పెట్టాలంటారా?

చివరికి పెట్టాలి, కాని అక్కడి నుంచి మొదలు పెట్టకూడదు. రోజుకు గంట మాత్రమే నీరు వచ్చే పైపులో ముందు గాలి వస్తుంది, మీటరు ఆ గాలికీ తిరుగుతుంది. దానికి బిల్లు వేస్తే జనం తిరగబడటంలో తప్పు లేదు. మొదట హెడ్‌వర్క్స్, ట్యాంకుల దగ్గర, తర్వాత అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులకు, సరఫరా వేళలు మెరుగుపడ్డాక ఇళ్లకు మీటర్లు పెట్టడం న్యాయమైన వరుస.

అపార్ట్‌మెంట్లకు సొంత బోర్లు ఉన్నాయి కదా, వాటి వల్ల భారం తగ్గినట్టు కాదా?

కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది. పక్కపక్కనే లోతైన బోర్లు పడితే భూగర్భ జలం దిగిపోయి, ముందు చుట్టుపక్కల పాత ఇళ్ల నూతులు ఎండిపోతాయి. ఆపైన వేసవిలో ఆ బోర్లూ ఎండి, అన్ని కుటుంబాలూ ఒకేసారి మున్సిపల్ నీటి కోసం, ట్యాంకర్ల కోసం వస్తాయి. బోరును నమ్ముకున్న భవనం ఏడాదిలో పది నెలలు చార్జీ కట్టకుండా, కటకట ఉన్న రెండు నెలలు నీరు అడుగుతుంది.

వాన నీటిని ఇంకించడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఈ ప్రాంతంలో ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. వంద చదరపు మీటర్ల మిద్దె మీద పడిన దానిలో ఎనభై శాతం ఇంకుడు గుంతకు చేర్చినా ఏడాదికి దాదాపు ఎనభై వేల లీటర్లు నేలలోకి వెళతాయి. పెద్దచెరువు, అయ్యకోనేరు వంటి జలాశయాలను కబ్జాల నుంచి, మురుగు నుంచి కాపాడుకోవడం కూడా ఈ లెక్కలోదే, ఎందుకంటే చుట్టుపక్కల నూతుల్లో నీరు నిలిచేది వాటి వల్లనే.

గుంకలాం వంటి పెద్ద కాలనీల వల్ల ఏమవుతుంది?

2020 డిసెంబరులో గుంకలాంలో దాదాపు 397 ఎకరాల్లో పన్నెండు వేలకు పైగా ఇళ్ల స్థలాల పంపిణీ మొదలైంది. అన్నిటిలోనూ ఇళ్లు లేచి, ఇంటికి నలుగురు నివసిస్తే దాదాపు యాభై వేల మంది, అంటే రోజుకు 65 లక్షల లీటర్లకు పైగా నీరు. పట్టణానికి దూరంగా ఒక్కసారిగా ఇంత పెద్ద కాలనీ వచ్చినప్పుడు పైపు పొడవు పెరుగుతుంది, మొదట్లో కొద్ది ఇళ్లే ఉండడం వల్ల ఒక్కొక్క ఇంటికి పడే ఖర్చు చాలా ఎక్కువగా ఉంటుంది, ఆ ఇళ్లవారు అంత చార్జీ భరించలేరు. సొంత ఇల్లు పేదవారి హక్కు. స్థలం ఇచ్చిన రోజే నీటికి కావలసిన పెట్టుబడిని వేరుగా కేటాయించకపోతే ఆ భారం పాత పట్టణపు పథకం మీద పడుతుంది.

ప్రైవేటు లేఅవుట్ల విషయం వేరు. అక్కడ లాభం తీసుకున్నవారు ఉన్నారు. ట్యాంకు, పైపులైను వేయించకుండా ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోతే, కొన్నవారు పదేళ్ల తర్వాత క్రమబద్ధీకరణ రుసుం కట్టి నీరు అడగాల్సి వస్తోంది.

చార్జీలు పెంచితే పేదల మీద భారం కాదా?

పెంచే పద్ధతిని బట్టి ఉంటుంది. పేదవారు ఇప్పుడు ఉచితంగా నీరు పొందుతున్నారనుకోవడం సరికాదు. ఇరవై లీటర్ల క్యాను ఇరవై రూపాయలనుకుంటే వెయ్యి లీటర్లకు వెయ్యి రూపాయలు కట్టినట్టు. నీటి కోసం పడిగాపులు పడి కూలి పోగొట్టుకున్న పూట దీనికి అదనం. తక్కువ వాడకానికి తక్కువ ధర, వ్యాపార అవసరాలకు, భారీ వాడకానికి ఎక్కువ ధర ఉండే శ్లాబు పద్ధతి, పేద ఇళ్లకు వాయిదాల్లో కనెక్షన్ ఖర్చు ఉంటే పెంపు పేదలకు మేలే చేస్తుంది. బకాయిల్లో ప్రభుత్వ కార్యాలయాల వాటా ఉంటే దానిని ముందుగా వసూలు చేయకుండా ఇళ్ల కుళాయిలు కత్తిరించడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కేంద్రం, రాష్ట్రం డబ్బు ఇస్తాయి కదా?

ఇస్తాయి, అయితే దేనికి ఇస్తాయో చూడాలి. పట్టణాల్లో నీటి సరఫరా, మురుగు పారుదల వంటి వసతుల కోసం 2015 జూన్‌లో మొదలైన కేంద్ర పథకం అమృత్‌లో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. 2021 అక్టోబరు 1న మొదలైన అమృత్ 2.0లో లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న పట్టణాలకు కేంద్రం మూడో వంతు ఇస్తుంది, మిగతాది రాష్ట్రం, స్థానిక సంస్థ సమకూర్చుకోవాలి. ఈ డబ్బుతో పైపులు, ట్యాంకులు కట్టవచ్చు, వాటిని నడిపే విద్యుత్తు బిల్లు కట్టలేము. కొత్త ట్యాంకు కట్టిన ప్రతిసారీ నిర్వహణ ఖర్చు శాశ్వతంగా పెరుగుతుంది.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇలాంటి పట్టణాలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని కట్టడి చేసింది. అంతేకాక ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో పాటు పెరగాలన్న షరతు పెట్టింది. సొంత పన్ను వసూలు చేసుకోలేని చోట పైనుంచి వచ్చేదీ తగ్గుతుందన్న మాట.

తారకరామతీర్థ సాగరం పూర్తయితే సమస్య తీరుతుందా?

చంపావతి మీద కోటగండ్రేడు దగ్గర బ్యారేజీ, గుంపాం దగ్గర జలాశయంతో రూపొందిన ఈ ప్రాజెక్టులో సాగునీటితో పాటు విజయనగరం పట్టణ తాగునీటికి 0.162 టీఎంసీ కేటాయింపు ఉంది. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు, కాబట్టి ఈ కేటాయింపు ఏడాది పొడవునా రోజుకు సుమారు 1.26 కోట్ల లీటర్లకు సమానం. విలువైన నీరే, ముఖ్యంగా వేసవికి. పైన లీకుల ప్రశ్నలో వచ్చిన 1.28 కోట్ల లీటర్లతో దీన్ని పోల్చి చూడండి. చిల్లులున్న పైపుల్లోకి కొత్త నీరు పంపితే అందులోనూ అంతే భాగం పోతుంది. రెండు పనులూ కలిసి నడవాలి.

సిరిమానోత్సవం రోజుల్లో ఎలా?

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి దసరా తర్వాత వచ్చే మంగళవారం లక్షల మంది వస్తారు. ఒకటి రెండు రోజుల రద్దీకి పైపులు పెంచడం అనవసరం. ముందు రోజే ట్యాంకులు నింపి ఉంచడం, ట్యాంకర్లు, చలివేంద్రాలు, క్లోరిన్ పరీక్షలు పెంచడంతో అది నడుస్తుంది.

సరఫరా తగ్గితే నీటి నాణ్యత కూడా తగ్గుతుందా?

తగ్గుతుంది, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. రోజంతా నీరు నిండి ఉన్న పైపులో చిల్లు ఉంటే నీరు బయటికి పోతుంది. సరఫరా ఆపాక పైపు ఖాళీ అయితే అదే చిల్లు గుండా పక్క కాలువలోని మురుగు లోపలికి వస్తుంది, మోటార్లు ఆ మురుగును ఇంకా బలంగా లాగుతాయి. మురుగు కాలువ మీదుగా పోయే కుళాయి పైపులు అందుకే ప్రమాదకరం. 2024 అక్టోబరులో మన జిల్లాలోని గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. పన్ను వసూలు, లీకు మరమ్మతు, పైపు సైజు అనే మాటలన్నీ చివరకు పసిపిల్లల, వృద్ధుల ప్రాణాలకు సంబంధించినవని ఆ వార్త చదివిన వారెవరికైనా అర్థమవుతుంది.

కుళాయి చివర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పైపులైన్లు పొడవవుతున్న కొద్దీ చివరి ఇంటికి చేరేసరికి అది తగ్గిపోతుంది, కాబట్టి పరీక్ష ట్యాంకు దగ్గర కాక చివరి వీధిలో చేయాలి.

శ్రీకాకుళంలోనూ ఇదే పరిస్థితా?

నది పెద్దది, కథ ఇదే. అక్కడ ఆధారం నాగావళి. 2015లో నగరపాలక సంస్థగా మార్చి పెద్దపాడు, పాత్రునివలస వంటి చుట్టుపక్కల పంచాయతీలను కలిపే ప్రయత్నం జరిగింది. ఇలాంటప్పుడు, పంచాయతీ పన్నుకు అలవాటుపడిన ఊరు నగర పన్ను కట్టాలంటే నగరపు నీరు ముందు రావాలా, పన్ను ముందు కట్టాలా అన్న ప్రశ్న తలెత్తుతుంది. నీటి లైను పని మొదలైన తర్వాతే పన్ను దశలవారీగా పెంచడం మేలు.

పౌరులుగా మేము ఏం అడగాలి, ఏం చేయాలి?

కొత్త ఇల్లు పూర్తి కాగానే అసెస్‌మెంట్‌కు దరఖాస్తు చేయండి. ఏడాది మొత్తానికి ఆస్తి పన్నును ఏప్రిల్ 30 లోపు కట్టేవారికి 5 శాతం రాయితీ ఉంటుంది, ఆ డబ్బు ఏడాది మొదట్లోనే చేతికి రావడం వేసవి మరమ్మతులకు ఉపయోగపడుతుంది. కుళాయికి నేరుగా బిగించిన మోటారు తీసేసి, నేల మట్టపు సంపులోకి నీరు పట్టి అక్కడి నుంచి మిద్దెకు ఎత్తుకోండి. లీకు కనిపిస్తే వార్డు సచివాలయంలో వసతుల పనులు చూసే ఎమినిటీస్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

నగరంలో 50 డివిజన్లున్నాయి. మీ డివిజన్ ప్రతినిధిని నాలుగు వివరాలు అడగండి: మా ట్యాంకుకు రోజుకు ఎంత నీరు వస్తోంది, ఆ ట్యాంకు కింద నమోదైన కనెక్షన్లు ఎన్ని, కిందటి ఏడాది నీటి మీద వచ్చిన ఆదాయం ఎంత, పెట్టిన ఖర్చు ఎంత. ఈ అంకెలను ప్రతి సచివాలయం గోడ మీద ఏడాదికోసారి అతికించమని తీర్మానం చేయించండి. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.